ఆయిల్ ఫీల్డ్ బండి తోలాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజోలు, మలికిపురం, నర్సాపురం వైపు పెరిగినవాళ్లకి ఆయిల్ ట్యాంకర్లు, రిగ్ (బావి తవ్వే యంత్రం) సామాను మోసే ట్రెయిలర్లు కొత్త కాదు. వాటి స్టీరింగ్ పట్టుకోవాలంటే ఏ కాగితాలు ఉండాలి, ఒంటి మీద ఏం వేసుకోవాలి అనే దగ్గరికి వచ్చేసరికి అందరివీ అవే అనుమానాలు. ఫోన్లో ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. వరసగా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఇందులో ఉన్నదంతా దాదాపుగా కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్‌లో నేల మీద ఉన్న బావుల పని గురించే. గల్ఫ్ మాట చివర్లో ఉంది.

## చేరకముందు

ఆయిల్ ఫీల్డ్ డ్రైవర్ అంటే క్రూడ్ (ముడి చమురు) ట్యాంకర్ తోలడమేనా?

కాదు, అది ఒక ముక్క మాత్రమే. ఒక బావి తవ్వుతున్నారంటే అక్కడికి నీళ్లు రావాలి, డీజిల్ రావాలి, మడ్ (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద లాంటి ద్రవం) కలపడానికి బరైటు, బెంటొనైటు బస్తాలు రావాలి, సిమెంటు బల్కర్లు రావాలి, పైపులు రావాలి. వాడేసిన మురికి నీళ్లు బయటికి పోవాలి. బావి పని అయిపోయాక రిగ్ మొత్తాన్ని విప్పి ట్రెయిలర్ల మీద ఇంకో ఊరికి తరలించాలి. కొత్తవాళ్లకి నా సలహా ఒక్కటే: నీళ్ల ట్యాంకర్‌తో మొదలుపెట్టండి. పేరుకి నీళ్ల బండే అయినా సైట్ గేటు దగ్గర పద్ధతి, లోపల తిరిగే తీరు, సిగ్నల్ ఇచ్చే మనిషి మాట వినడం అన్నీ అక్కడే అలవాటవుతాయి. పొరపాటు జరిగితే కారేది నీళ్లే.

నా దగ్గర కారు లైసెన్సు ఉంది. హెవీ రావడానికి ఏం చేయాలి?

ట్రాన్స్‌పోర్ట్ వాహనం తోలాలంటే మీకు 20 ఏళ్లు నిండాలి, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు తీసుకుని కనీసం ఏడాది అయి ఉండాలి. డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ ఇవ్వాలి. ఎనిమిదో తరగతి పాస్ కావాలన్న షరతును 2019లో తీసేశారు. హెవీ ట్రైనింగ్ మాత్రం బ్రోకరు చేతిలో పెట్టి వదిలేయకండి. టెస్ట్ ఏదోలా గట్టెక్కుతుంది కానీ, 12 చక్రాల బండిని తాడి చెట్ల మధ్య రివర్స్ చేయడం కాగితం మీద రాదు.

హజార్డస్ ఎండార్స్‌మెంట్ అంటున్నారు, అదేంటి?

మండే సరుకు, ఆమ్లం, విషం లాంటివి మోసే బండి తోలడానికి లైసెన్సు మీద వేసే అదనపు ముద్ర అది. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 9వ నియమం ప్రకారం గుర్తింపు ఉన్న సంస్థలో మూడు రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. జాగ్రత్తగా తోలడం, ప్రమాదంలో ఏం చేయాలి, ఏ సరుకు ఎలా ప్రవర్తిస్తుంది అన్నవి చెబుతారు. 2019 సవరణ తర్వాత ఇలాంటి లైసెన్సు గడువు మూడేళ్లు. నీళ్లు, పైపులు, మట్టి మోసేవాళ్లకి ఇది అక్కర్లేదు. క్రూడ్, కండెన్సేట్ (గ్యాస్‌తోపాటు వచ్చే తేలికపాటి నూనె), డీజిల్, యాసిడ్ అయితే తప్పనిసరి. క్లాసుకి రాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లు ఊరూరా ఉన్నారు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొట్టమొదట లాగేది ఆ కాగితాన్నే.

నాకు ఇంగ్లిష్ రాదు. పనికిరానా?

హజార్డస్ సరుకు మోసే డ్రైవర్‌కి ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లిష్ చదవడం, రాయడం రావాలని నియమం. భయపడకండి, వ్యాసాలేమీ రాయమనరు. ట్యాంకర్ వెనకా పక్కలా ఉండే ఎమర్జెన్సీ ప్యానెల్ చదవగలగాలి. అందులో సరుకు పేరు, నాలుగంకెల యూఎన్ నంబరు (ఆ సరుకుకి ప్రపంచమంతా వాడే గుర్తింపు అంకె), ప్రమాద గుర్తు, ఎవరికి ఫోన్ చేయాలో ఉంటాయి. క్రూడ్ ఆయిల్‌కి 1267, డీజిల్‌కి 1202, పెట్రోల్‌కి 1203, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి 1789. ఈ నాలుగూ నోటికి వచ్చేస్తే సగం గండం దాటినట్టే.

లైసెన్సు చూపిస్తే సైట్ లోపలికి వదిలేస్తారా?

వదలరు. చమురు బావుల సైట్లు చట్టరీత్యా గనుల లెక్కలోకి వస్తాయి. అందుకే కాంట్రాక్టరు తరఫు మనిషికి కూడా వైద్య పరీక్ష, వృత్తి శిక్షణ, సైట్ ఇండక్షన్, ఆ తర్వాతే గేట్ పాస్. ఇండక్షన్‌లో కూర్చున్నప్పుడు చాలామంది ఫోన్ చూసుకుంటారు. మీరు కనీసం రెండు విషయాలు పట్టుకోండి: సైరన్ మోగితే గుమిగూడాల్సిన చోటు ఎక్కడ, అక్కడి గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఎక్కడ కట్టారు.

కాంట్రాక్టరు దగ్గర చేరేముందు ఏం అడగాలి? జీతం ఎంత అడగాలి?

జీతం అంకె బండిని బట్టి, కాంట్రాక్టును బట్టి మారుతుంది. ఆయిల్ ఫీల్డ్ పని కేంద్ర ప్రభుత్వ పరిధిలోది కాబట్టి కేంద్రం ఎప్పటికప్పుడు ప్రకటించే కనీస వేతనం కింద లెక్క అడగండి. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? సైట్ బయట రాత్రంతా లోడు కోసం ఆగితే ఆ గంటలకి డబ్బులిస్తారా? తోడు మనిషి ఉంటాడా? అన్నీ మొహమాటం లేకుండా అడగాల్సినవే. మాటలు అయ్యాక ఒకసారి యార్డులోకి వెళ్లి బండి చుట్టూ తిరగండి. టైర్లు నున్నగా అరిగిపోయి, అగ్నిమాపక సిలిండర్ ముల్లు ఎర్రగీతలో ఉంటే ఆ యజమాని తక్కిన మాటలు ఎంత తియ్యగా ఉన్నా ఆలోచించుకోండి.

ఇంట్లో వాళ్లు పాశర్లపూడి పేరు చెప్పి వద్దంటున్నారు. నిజంగా అంత ప్రమాదమా?

పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావి అదుపు తప్పి అంటుకుంది. ఆ మంట రెండు నెలలకి పైగా ఆరలేదు. దాన్ని చూసినవాళ్లు భయపడటంలో తప్పు లేదు. అయితే డ్రైవర్‌కి అసలు ప్రమాదం మంట కంటే ముందు రోడ్డు మీద ఉంది. ఇలాంటి లెక్కలు పక్కాగా రాసే అమెరికాలో కూడా చమురు, గ్యాస్ తవ్వకం పనివాళ్ల ప్రాణాలు ఎక్కువగా పోయేది వాహన ప్రమాదాల్లోనే. నిద్రమత్తు, వేగం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం. ఇంట్లో వాళ్లకి ఈ మూడింటి మీద మాటివ్వండి.

## ఒంటి మీద సామాను

హెల్మెట్, బూట్లు మన డబ్బుతోనే కొనుక్కోవాలా?

ఇవ్వాల్సిన బాధ్యత పనిలో పెట్టుకున్నవాళ్లది. జీతంలో పట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. ఒక్క బూట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. స్టోర్‌లో మీ సైజు లేదని ఒక నంబరు ఎక్కువది అంటగడతారు. వదులు బూటుతో క్లచ్ తొక్కడం కష్టం, ట్యాంకర్ నిచ్చెన ఎక్కడం ఇంకా కష్టం. సైజు వచ్చేదాకా ఆగండి, లేదా కొనుక్కుని బిల్లు ఇవ్వండి.

ఏ బూట్లు, ఏ హెల్మెట్ మంచివి?

బూటు మీద ఐఎస్ 15298, హెల్మెట్ మీద ఐఎస్ 2925 అని ఐఎస్ఐ గుర్తుతో ఉండాలి. బూటుకి ముందు గట్టి టో క్యాప్, నూనెకి జారని సోలు, యాంటీ స్టాటిక్ (ఒంట్లో స్థిర విద్యుత్తు పోగవనివ్వని) గుణం కావాలి. ఊళ్లో దొరికే చవక సేఫ్టీ బూట్లలో మొదటి రెండూ ఉండి మూడోది లేనివి చాలా ఉంటాయి, అడిగి చూసుకోండి. హెల్మెట్ తిరగేసి అంచు కింద చూడండి. గడియారంలా అంకెలు, మధ్యలో బాణం ఉన్న చిన్న గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. బాణం చూపేది తయారైన నెల, మధ్యలో ఉన్నది సంవత్సరం. క్యాబిన్ అద్దం వెనక ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. గడ్డం కింద పట్టీ లేని హెల్మెట్ ట్యాంకు మీద ఎందుకూ పనికిరాదు, వంగిన వెంటనే కింద పడుతుంది.

ఈ ఉక్కపోతలో కవరాల్ (ఒంటినంతా కప్పే ఒకే ముక్క డ్రెస్సు) వేసుకుంటే చచ్చిపోతాం. టీషర్ట్‌తో కుదరదా?

గోదావరి జిల్లాల మే నెల ఉక్క సంగతి నాకు తెలుసు. అయినా కుదరదు. నైలాన్, పాలిస్టర్ బట్ట మంటకి కాలిపోవడమే కాదు, కరిగి చర్మానికి అంటుకుంటుంది. దాన్ని తీయాలంటే చర్మం కూడా వస్తుంది. మంటని పట్టుకోని ఎఫ్ఆర్ బట్ట ఇస్తే మంచిది, అది లేకపోతే మందపాటి నూలు కవరాల్. లోపల ఏం వేసుకున్నారన్నది కూడా ముఖ్యమే. పైన ఎఫ్ఆర్ కవరాల్, లోపల ఐపీఎల్ టీమ్ పాలిస్టర్ జెర్సీ వేసుకొచ్చే కుర్రాళ్లు ప్రతి యార్డులో ఉంటారు. లోపల నూలు బనియనే ఉండాలి. చేతులు మడవకండి, జిప్ మెడదాకా వేయండి. ఎఫ్ఆర్ బట్టని బ్లీచింగ్ వేసి, కంఫర్ట్ లాంటివి వేసి ఉతక్కూడదు. డీజిల్‌లో తడిసిన కవరాల్‌తో పని కొనసాగించడం, దాన్నే ఆరేసి మళ్లీ వేసుకోవడం రెండూ వద్దు. ఉక్కకి మందు నీళ్లు, మజ్జిగ, నీడ. లోడు కోసం ఆగినప్పుడు బండి కింద పడుకోవడం మాత్రం నీడ లెక్కలోకి రాదు. చక్రాల కింద ప్రాణాలు పోయేది అలాగే.

ఒకే జత గ్లవ్స్ అన్నిటికీ సరిపోతాయా?

సరిపోవు. గొలుసులు, వించ్ తాడు పట్టుకోవడానికి తోలువి. ఆయిల్ హోస్ తగిలించడానికి నైట్రైల్ లేదా పీవీసీవి. తోలు గ్లవ్ క్రూడ్‌ని పీల్చుకుని చేతికి పట్టిస్తుంది. యాసిడ్ పని అయితే మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, కళ్లని పూర్తిగా మూసే గాగుల్స్, పైన ఫేస్ షీల్డ్ కావాలి.

గ్యాస్ వాసన వస్తే తెలుస్తుంది కదా, మీటర్ ఎందుకు?

ప్రాణాలు తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి వంద వంతులు) దగ్గరికి వెళ్లేసరికి కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోయింది, గ్యాస్ పోయిందని మనిషి అనుకుంటాడు. అది ఇంకా పెరిగితే మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. గాలి కంటే బరువు కాబట్టి గుంటల్లో, సెల్లార్‌లో (బావి నోటి చుట్టూ ఉండే గొయ్యి), ట్యాంకు పక్కన పల్లంలో పేరుకుంటుంది. జేబు మీటర్లు మామూలుగా 10 పీపీఎం దగ్గర మోగేలా పెడతారు. మీటర్‌ని కవరాల్ లోపల జేబులో పెట్టుకుంటే ప్రయోజనం లేదు, ఛాతీ మీద బయటికి తగిలించాలి. మోగితే ఎందుకు మోగిందని వెతకడం మీ పని కాదు. గాలికి అడ్డంగా పక్కకి జరిగి, గాలి వీచే వైపుకి ఎదురెక్కి బయటపడండి. పడిపోయిన తోటివాణ్ణి లేపడానికి ఉత్తి చేతులతో పరిగెత్తినవాళ్లు రెండో శవమవుతారు. కటువుగా ఉన్నా ఈ ముక్క చెప్పక తప్పదు.

మాస్క్ కట్టుకుంటే సరిపోదా?

తువ్వాలు సన్నటి ధూళిని సరిగ్గా ఆపదు, ఎన్95 మాస్క్‌లు ఆపుతాయి. బరైటు బస్తాలు దింపేటప్పుడు బాగా పనికొస్తాయి. గ్యాస్‌ని ఆపవు. డబ్బా తగిలించిన మాస్క్ కూడా గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతే ఏమీ చేయలేదు. గ్యాస్ ఉన్నచోట పని చేయాలంటే వీపున సిలిండర్ మోసే సెట్టే కావాలి. అది వాడటం నేర్చుకున్నవాళ్లు వేరే ఉంటారు.

బండిలో ఏమేం ఉండాలి?

డ్రై పౌడర్ అగ్నిమాపక సిలిండర్ పెద్దది ఒకటి, క్యాబిన్‌లో చేతికందేలా చిన్నది ఒకటి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, టూల్ బాక్స్, చక్రాల కింద పెట్టే అడ్డు చెక్కలు, కోన్లు, మెరిసే త్రికోణం, చొక్కా మీద వేసుకునే మెరుపు జాకెట్. మండే సరుకు అయితే సైలెన్సర్‌కి నిప్పురవ్వలు ఆపే స్పార్క్ అరెస్టర్, ఎర్తింగ్ వైరు. ఇంకా ట్రెమ్ కార్డు. సరుకు ఏంటి, కారితే ఏం చేయాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి అన్నీ రాసి ఉండే కాగితం అది. దాన్ని క్యాబిన్‌లోనే ఉంచాలని నియమం. ఫైల్లో పెట్టి సీటు కింద తోసేస్తే బండి బోల్తా పడిన రోజు ఎవరికీ దొరకదు. డోర్ పౌచ్‌లో ఉంచండి.

## మొదటి లోడ్లు

లోడింగ్ దగ్గర ఏ వరసలో పని చేయాలి?

బండి ఆపండి, హ్యాండ్ బ్రేక్ వేయండి, ఇంజిన్ ఆపండి, బ్యాటరీ కటాఫ్ తిప్పండి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టండి. ఎర్తింగ్ క్లిప్ ముందు తగిలించండి, హోస్ తర్వాత. విప్పేటప్పుడు తిరగేసి: హోస్ ముందు, క్లిప్ ఆఖర్న. ఇందులో పట్టింపు ఏముందని అనిపించొచ్చు. గొట్టంలో పారే ఆయిల్ వల్ల ట్యాంకులో స్థిర విద్యుత్తు పోగవుతుంది, ఆవిరి పేరుకున్న చోట ఒక్క చిటుక్కు చాలు. క్లిప్‌ని రంగు వేసిన చోట కరిపిస్తే అది ఊరికే వేలాడుతున్నట్టే, ఇనుము కనిపించే చోట కరవాలి. తుప్పు, పెయింటు ఉంటే గీకి పెట్టండి. ఫోన్, లైటర్ గేటు దగ్గరే ఇచ్చేయండి. లోడు అవుతుండగా క్యాబిన్‌లో కూర్చుని కునుకు తీయొద్దు, వాల్వు కనిపించేంత దూరంలో నిలబడండి.

ట్యాంకు మూత తీసి ఎంత ఉందో చూసి చెప్పమంటున్నారు. చూడొచ్చా?

ఈ పని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో 2010 నుంచి 2014 మధ్య ట్యాంకు మూత తెరిచి కొలత చూస్తూ, శాంపిల్ తీస్తూ తొమ్మిది మంది చనిపోయారని అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క తేల్చింది. మంట లేదు, పేలుడు లేదు. మూత తెరవగానే పైకి ఎగజిమ్మిన ఆవిరి పీల్చి పోయారు, అందులోనూ కొందరు ఒంటరిగా ఉన్నప్పుడు. మీకు ఆ పని అప్పగించి ఉంటే, నేర్పి ఉంటే, మీటర్ ఉంటే, కింద ఇంకో మనిషి ఉంటేనే ఎక్కండి. గాలి మీ వీపు వైపు నుంచి కాకుండా పక్క నుంచి వచ్చేలా నిలబడండి, మూత తీశాక ముఖం వంచి లోపలికి తొంగి చూడకండి. హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) కొక్కెం పైన రెయిలింగ్‌కి కాకుండా దానికోసం ఇచ్చిన తాడుకి తగిలించండి.

కోనసీమ రోడ్ల మీద ట్యాంకర్ తోలడంలో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

ఎన్‌హెచ్ 216 దిగి ఊళ్లలోకి వచ్చాక ఒకవైపు కాలువ, ఇంకోవైపు కొబ్బరి తోట, మధ్యలో ఒక బండి పట్టే తారు. గట్టు అంచు చూడటానికి గట్టిగానే ఉంటుంది, వానాకాలంలో ఎడమ చక్రాలు దిగితే మట్టి కుంగుతుంది. ఎదురుగా బస్సు వస్తే అంచుకి జరిగి దారివ్వడం మర్యాద అనుకోవద్దు. ఆగి, అతన్నే రమ్మనండి, లేదా వెడల్పు ఉన్నచోటు దాకా వెనక్కి వెళ్లండి. సగం నిండిన ట్యాంకరు నిండు ట్యాంకరు కంటే మొండిది. మలుపులో సరుకు ఒక పక్కకి ఎగబడి బండిని తోసేస్తుంది. ట్యాంకర్లకి స్పీడ్ గవర్నర్ పరిమితి గంటకు 60 కిలోమీటర్లు, కాలువ గట్టు మీద అందులో సగం కూడా ఎక్కువే. చిన్న వంతెనల దగ్గర బరువు బోర్డు చదవండి. బోర్డు లేకపోతే అడిగి తెలుసుకోండి, ముందు బండి వెళ్లింది కదా అని వెళ్లకండి. బడి వదిలే వేళకి సైకిళ్లు గుంపుగా వస్తాయి, ఆ అరగంట ఎక్కడైనా ఆగి టీ తాగినా నష్టం లేదు.

రాత్రి డ్యూటీలో నిద్ర వస్తే ఏం చేయాలి?

ఆపి పడుకోవడమే. టీ, గుట్కా, పాటలు, కిటికీ తీసి పెట్టడం ఇవేవీ నిద్రకి మందు కాదు. చట్టం ప్రకారం డ్రైవర్‌కి రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆయిల్ ఫీల్డ్‌లో చిక్కు ఎక్కడంటే తోలేది మూడు గంటలే అయినా గేటు బయట ఎనిమిది గంటలు ఆగి ఉంటాం. సూపర్‌వైజర్ దాన్ని రెస్టు అంటాడు. లైన్ కదిలినప్పుడల్లా బండి ముందుకి జరపాల్సి వస్తే అది రెస్టు కాదని చెప్పి, సమయాలు చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి.

రిగ్ షిఫ్టింగ్‌కి రమ్మన్నారు. కొత్తవాణ్ణి వెళ్లొచ్చా?

డ్రైవర్‌గా వద్దు, ముందు ఒకటి రెండు షిఫ్టింగులు సీనియర్ పక్కన కూర్చుని చూడండి. లోడు ఎక్కించేటప్పుడు క్యాబిన్‌లో కూర్చోకూడదు, క్రేన్ ఎత్తిన సరుకు క్యాబిన్ మీదుగా తిరుగుతుంది. దిగి క్రేన్ ఆపరేటర్‌కి కనిపించే చోట నిలబడండి. గొలుసు బిగించే లివర్‌కి ఎదురుగా ముఖం పెట్టకండి, జారితే దవడ పగులుతుంది. కొంత దూరం వెళ్లాక ఆపి గొలుసులు మళ్లీ చూసుకోవాలి, సరుకు సర్దుకుని వదులవుతాయి. పైన కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో ముందుగానే ఎవరైనా దారి చూసి వచ్చారా అని అడగండి.

ట్యాంకర్ బోల్తా పడినా, కారినా మొదట ఏం చేయాలి?

ఇంజిన్, బ్యాటరీ ఆపండి. ట్రెమ్ కార్డు చేతిలో పట్టుకుని గాలి వచ్చే వైపుకి దూరంగా వెళ్లండి. 112కి ఫోన్ చేయండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి, బండి యజమానికి చెప్పాలి, ఇది నియమం కూడా. సరుకు పేరు, యూఎన్ నంబరు చెప్పండి. ఆ తర్వాత పెద్ద తలనొప్పి జనం. బిందెలు, డబ్బాలు పట్టుకుని కారేది పట్టుకోవడానికి వస్తారు, వాళ్ల వెనకే బీడీ వెలిగించుకునేవాడూ వస్తాడు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైప్‌లైన్ నుంచి లీకైన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఆ పేరు ఎత్తి గట్టిగా అరవండి, వెనక్కి వెళ్తారు. చిన్న మంట అయితే సిలిండర్ వాడి చూడండి. ట్యాంకుకే అంటుకుంటే పరిగెత్తండి.

ట్యాంకులో అడుగున మిగిలిన కండెన్సేట్ తీసి అమ్ముకుంటే తప్పేంటి?

దొంగతనం అన్నది ఒక మాట. కండెన్సేట్ దాదాపు పెట్రోల్ లాగే ఆవిరవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇంటి వరండాలో దాచిన చోట పక్కనే గ్యాస్ పొయ్యి ఉంటుంది. బండి ఇంజిన్‌లో పోసినా పాడవుతుంది. అడిగినవాళ్లు బంధువులే అయినా లేదనండి.

## ముందుకి

ఇక్కడి అనుభవం గల్ఫ్‌లో పనికొస్తుందా?

పనికొస్తుంది, కాగితాలు సరిగ్గా ఉంటే. మన హెవీ లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు, ఆ దేశంలో టెస్ట్ రాసి తెచ్చుకోవాలి. ఒమాన్, కువైట్, సౌదీ ఆయిల్ కాంట్రాక్టుల్లో డిఫెన్సివ్ డ్రైవింగ్, హైడ్రోజన్ సల్ఫైడ్ శిక్షణ సర్టిఫికెట్లు అడగడం మామూలే. బండిలో వేగం, బ్రేకు, బెల్టు అన్నీ రికార్డు చేసే పెట్టె ఉంటుంది, గీత దాటితే ఇంటికి పంపేస్తారు. ఏజెంటు దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. ఏజెంటు సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అనే ఏజెంటుకి పాస్‌పోర్టు ఇవ్వకండి. ఒప్పందం కాగితంలో ఉద్యోగం పేరు హెవీ డ్రైవర్ అని ఉందా, లేబర్ అని ఉందా, సంతకం పెట్టకముందే చదివించుకోండి.